షూస్ క్లబ్బుల వాళ్ళకి బహిరంగ లేఖ: మా కార్డు నంబర్ తెలుసు, మా కాలి కొలత తెలీదు

ఆన్‌లైన్‌లో లేడీస్ షూస్ క్లబ్బులు నడిపే యాజమాన్యాలకి, వాళ్ళ దగ్గర ఏ బటన్ ఎక్కడ పెట్టాలి దానికి ఏ రంగు వెయ్యాలి అని డిసైడ్ చేసే డిజైనర్లకి, ఇంకా ప్రతి నెలా ఒకటో తారీఖున టంచనుగా మెయిల్ పెట్టే ఆ “పర్సనల్ స్టైలిస్ట్” గారికి (ఆవిడంటూ ఒకరు ఉంటే),

ముందే చెప్పేస్తున్నా, నాకు హీల్స్ మీద ఏ కోపం లేదు. పాయింటెడ్ పంప్స్ (ముక్కు కోసుగా, పట్టీలు లేని హీల్స్), దిమ్మలా మందంగా ఉండే బ్లాక్ హీల్స్, స్ట్రాపీ శాండల్స్, యాంకిల్ బూట్స్, అన్నీ ఇష్టమే. ఇన్ని షూస్ ఎందుకు అని అడిగే వాళ్ళకి జవాబు చెప్పడం ఎప్పుడో మానేశా. మీ క్లబ్బుల ఐడియా కూడా నాకు నచ్చింది కాబట్టే చేరా, నెలనెలా కొత్త మోడల్స్ వస్తాయి, మెంబర్లకి తక్కువ రేటు, ఇంటికే డబ్బా వస్తుంది, బాగానే ఉంది కదా. నా కంప్లైంట్ ఒక్కటే. మా దగ్గర కార్డు నంబర్ తీసుకునేటప్పుడు మీరు చూపించే శ్రద్ధలో పదో వంతు కూడా మా కాలి గురించి అడిగేటప్పుడు చూపించట్లేదు. మిగతాదంతా దాని కొనసాగింపే.

చేరేటప్పుడు ఆ క్విజ్ పెడతారు చూడండి, అది ఎవరు రాశారో గానీ చాలా సరదాగా రాశారు. ఈ నాలుగు ఫోటోల్లో మీకు నచ్చిన పార్టీ డ్రెస్ ఏది, ఈ హీరోయిన్లలో ఎవరి స్టైల్ మీది, వీకెండ్‌లో మీరు ఎలా ఉంటారు, గ్లామరస్సా, బోల్డా, క్లాసిక్కా. అన్నీ అడిగారు. నా పాదం వెడల్పా సన్నమా అని అడగలేదు. బొటనవేలి పక్కన ఎముక పొడుచుకొచ్చి ఉంటుందా అని అడగలేదు. రోజూ ఎంతసేపు నిలబడి పని చేస్తారు అని అడగలేదు. చివర్లో ఒక డ్రాప్‌డౌన్, అందులో సైజు నంబర్, అంతే. నేనూ మా ఫ్రెండూ కావాలనే పూర్తి ఉల్టా జవాబులు ఇచ్చి చూశాం, తను అన్నీ “క్లాసిక్” నేను అన్నీ “బోల్డ్”, మరి నెల మొదట్లో మా ఇద్దరి “స్పెషల్ షోరూమ్”లో మొదట కనపడింది ఒకటే లేత గోధుమరంగు పంప్. స్టైలిస్ట్ గారికి ఆ నెల ఆ స్టాక్ వదిలించుకోవాలేమో మరి.

సైజు దగ్గరికొస్తే, ఇది మీకు తెలీని విషయం అని నేను అనుకోను, మీరు షూస్ వ్యాపారంలోనే ఉన్నారు కాబట్టి. అయినా మెంబర్లు కూడా చదువుతారు కదా అని రాస్తున్నా. యూరప్ సైజులో ఒక నంబర్‌కీ తర్వాతి నంబర్‌కీ తేడా సెంటీమీటరులో మూడింట రెండు వంతులు, అంటే 6.67 మిల్లీమీటర్లు. బ్రిటిష్, అమెరికన్ సైజుల్లో తేడా అంగుళంలో మూడో వంతు, అంటే దాదాపు 8.5 మిల్లీమీటర్లు, హాఫ్ సైజు అయితే అందులో సగం. ఈ రెండు మెట్లూ ఒకదాని పక్కన ఒకటి పెడితే ఎక్కడా సరిగ్గా కలవవు. అందుకే 38 అనేది ఒక చార్టులో అమెరికన్ 7న్నర, ఇంకో చార్టులో 8. రెండూ తప్పు కాదు, రెండూ కరెక్టూ కాదు, రౌండ్ చేసిన లెక్కలు అంతే. పైగా ఆ 38 అనే నంబర్ మా పాదం పొడవు కానే కాదు, షూ తయారు చేసేటప్పుడు లోపల పెట్టే లాస్ట్ అనే అచ్చు పొడవు, అది పాదం కంటే పొడుగ్గా ఉంటుంది, ముక్కు కోసుగా ఉన్న మోడల్‌కి ఇంకా పొడుగు. అందుకే మీ దగ్గరే రెండు మోడల్స్ 38 తెప్పిస్తే ఒకటి మడమ దగ్గర జారిపోతుంది, ఇంకోటి చిటికెన వేలిని కరిచేస్తుంది.

దీనికి మందు లేదా అంటే ఎప్పటి నుంచో ఉంది. మాండోపాయింట్ అని ఒక పద్ధతి, ఐ.ఎస్.ఓ. 9407 స్టాండర్డ్, అందులో నేరుగా పాదం పొడవు, వెడల్పు మిల్లీమీటర్లలో రాస్తారు. మంచు మీద స్కీయింగ్ చేసే వాళ్ళ బూట్లకి పాదం పొడవుతో అదే నడుస్తోంది, సైన్యాల బూట్లకీ వాడతారు. షాపుల్లో పాదం పెట్టి కొలిచే ఆ లోహపు పలక ఉంటుంది చూడండి, బ్రానాక్ డివైస్ అంటారు, 1920ల నాటిది, అది కూడా మూడు కొలతలు తీస్తుంది, మొత్తం పొడవు, వెడల్పు, మడమ నుంచి వేళ్ళ మొదలు దాకా పొడవు. ఈ మూడోది చాలా ముఖ్యం, ఎందుకంటే షూ ఎక్కడ వంగుతుందో పాదం అక్కడే వంగాలి, లేకపోతే పొడవు సరిపోయినా నడిచేటప్పుడు మొత్తం తేడాగా ఉంటుంది. అంటే దాదాపు వందేళ్ళ క్రితం ఒక లోహపు పలక అడిగిన ప్రశ్నలు కూడా మీ క్విజ్ అడగట్లేదు. ఒక కాగితం మీద నిలబడి పెన్సిల్‌తో గీత గీసి కొలిచి పంపండి, సాయంత్రం పూట కొలవండి ఎందుకంటే అప్పటికి పాదాలు కాస్త ఉబ్బుతాయి, రెండు కాళ్ళూ కొలిచి పెద్దదాని లెక్క ఇవ్వండి, అని రెండు లైన్లు రాస్తే చాలు. చాలామంది చేస్తారు, నేనైతే సంతోషంగా చేస్తా.

వెడల్పు సంగతి వేరేగా చెప్పాలి. వెడల్పు పాదం ఉన్న వాళ్ళకి మీరిచ్చే సలహా “ఒక సైజు పెద్దది తీసుకోండి”. హీల్ లేని ఫ్లాట్స్‌లో అది ఏదో సర్దుకుంటుంది. హీల్స్‌లో పాదం వాలులో ఉంటుంది కాబట్టి పెద్ద సైజు తీసుకుంటే మడమ వెనక ఖాళీ, పాదం మొత్తం ముందుకి జారి వేళ్ళు ముక్కులో ఇరుక్కోవడం, అంటే ఏ నొప్పి తగ్గించుకోవాలని పెద్దది తీసుకున్నామో అదే నొప్పి ఎక్కువై వస్తుంది. వైడ్ ఫిట్ మీ దగ్గర లేదా, లేదు అని రాయండి, మేము వేరే చోట చూసుకుంటాం, లేని దాన్ని పెద్ద సైజు పేరుతో అంటగట్టకండి.

ఇంక ఫోటోలు. హీల్ ఎత్తు 10 సెంటీమీటర్లు అని రాస్తారు, కింద ప్లాట్‌ఫామ్ (ముందు పాదం కింద వేసే మందపాటి సోల్) ఎంతో రాయరు. ముందు 3 సెంటీమీటర్ల ప్లాట్‌ఫామ్ ఉంటే కాలికి తెలిసే ఎత్తు 7 మాత్రమే, లేకపోతే మొత్తం 10 ముందరి పాదం మీదే. ఆ రెండు షూస్ ఫోటోలో అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి, వేసుకుంటే ఒకదానితో సాయంత్రమంతా తిరగొచ్చు ఇంకోదానితో కారు దాకా నడిస్తే గొప్ప. ఇంకో సంగతి, అదే 9 సెంటీమీటర్ల హీల్ 36 సైజు కాలికి ఎంత నిట్టనిలువుగా ఉంటుందో 40 సైజు కాలికి అంత ఉండదు, పాదం చిన్నదైతే వాలు ఎక్కువ, సింపుల్ లెక్క. మరి ఫోటో ఏ సైజుదో కూడా చెప్పరు. చెప్తే ఏం పోతుంది, “ఫోటోలో ఉన్నది 37, హీల్ ఇంత, ప్లాట్‌ఫామ్ ఇంత” అని ఒక లైను.

డబ్బా వచ్చినప్పుడు నేను చేసే పని ఒకటి చెప్తా, కొత్తగా చేరిన వాళ్ళకి ఉపయోగపడుతుంది. షూని టేబుల్ మీద పెట్టి పైనుంచి హీల్‌ని పట్టుకుని పక్కకి కాస్త కదిపి చూస్తా. ఊగుతుందంటే వెనక్కి పంపడమే. తర్వాత మధ్యలో, పాదం వంపు కింద బొటనవేలితో గట్టిగా నొక్కుతా. అక్కడ షాంక్ అని ఒక గట్టి పట్టీ ఉండాలి, ఎక్కువగా స్టీలుది, హీల్‌కీ ముందు భాగానికీ మధ్య గాలిలో ఉన్న ఆ వంతెనని మోసేది అదే. నొక్కితే మెత్తగా దిగిపోయిందంటే ఆ షాంక్ నాసిరకం, లేదా అసలు లేదు, నాలుగు వాడకాల్లో వంపు కుంగిపోతుంది. ఆ తర్వాత తిరగేసి హీల్ టిప్ చూస్తా. సన్నటి హీల్స్‌కి కింద ఉండే ఆ చిన్న టిప్‌లోంచి ఒక పిన్ను హీల్ లోపలికి పోతుంది, టిప్ అరిగిపోతే ఆ పిన్ను తల నేలకి తగిలి టక్ టక్ మని మోగుతుంది, టైల్స్ మీద సర్రున జారుతుంది కూడా. నాకు వచ్చిన ఒక జతలో అయితే కొత్తగా ఉన్నప్పుడే ఒక టిప్ వంకరగా బిగించి ఉంది, పక్కన జిగురు గట్టిపడి ముత్యంలా మెరుస్తోంది. డబ్బాలో స్పేర్ టిప్స్ ఒక జత వేస్తే ఎంత మర్యాదగా ఉంటుంది చెప్పండి. వాటి బదులు ఒక సువాసన కార్డు వేశారు, “యు ఆర్ గార్జియస్” అని.

మెటీరియల్ గురించి మీ భాష వింటే నవ్వొస్తుంది. “వీగన్ లెదర్”, “లెదర్ లుక్”, “ప్రీమియం ఫినిష్”. సూటిగా పీయూ (పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్) అనో పీవీసీ అనో రాయడానికి అంత మొహమాటం ఎందుకో. పీయూ అంటే చెడ్డదని కాదు, రేటు తక్కువ, రంగులు బాగుంటాయి, జంతు చర్మం వద్దనుకునే వాళ్ళకి అది కావాలి కూడా. కానీ ఎక్కువ వాడే పాలిస్టర్ రకం పాలీయురేథేన్‌కి గాలిలో తేమ తగులుతూ ఉంటే అది మెల్లగా విడిపోతుంది, హైడ్రాలిసిస్ అంటారు, అందుకే ఒక్కసారి కూడా వేసుకోకుండా డబ్బాలోనే జాగ్రత్తగా దాచుకున్న షూస్ రెండు మూడేళ్ళ తర్వాత తీస్తే పైపొర పొట్టు పొట్టుగా చేతికి రావడం, సోల్ పొడి పొడిగా రాలడం చూసి ఏడుపొస్తుంది. ఎవరికో ఫంక్షన్ ఉంది అప్పటికి దాచుకుందాం అనుకునే వాళ్ళకి ఇది ముందే తెలియాలి. యూరప్‌లో 1994 డైరెక్టివ్ ప్రకారం షూ మీద చిన్న గుర్తులు ఉండాలి, పైభాగానికి ఒకటి, లోపలి లైనింగ్‌కి ఒకటి, సోల్‌కి ఒకటి. పరిచిన తోలు ఆకారం ఉంటే లెదర్, అందులో డైమండ్ గుర్తు ఉంటే పైన పూత పూసిన లెదర్, వల లాంటి గళ్ళు ఉంటే బట్ట, ఒట్టి డైమండ్ ఉంటే వేరే ఏదైనా. ఆ భాగంలో కనీసం 80 శాతం ఏ మెటీరియల్ ఉంటే దాని గుర్తు వేస్తారు. నాలుగు బొమ్మలు, చదువు రాని వాళ్ళకి కూడా అర్థమవుతాయి. మీ సైటులో పదహారు ఫోటోలు పెడతారు, ఈ మూడు గుర్తులకి చోటు దొరకదా.

సరే డబ్బుల దగ్గరికి వద్దాం, అసలు గొడవ ఇక్కడే.

నెలవారీ మెంబర్‌షిప్‌తో షూస్ అమ్మే ఈ పద్ధతి అమెరికాలో షూడాజిల్ 2009లో, జస్ట్‌ఫ్యాబ్ 2010లో మొదలైన తర్వాత బాగా పాపులర్ అయింది, 2013లో రెండోది మొదటిదాన్ని కొనేసింది. మొదటి జత దాదాపు ఊరికే ఇచ్చినట్టు ఇస్తారు. చెక్‌అవుట్‌లో వీఐపీగా చేరుతున్నట్టు ఉంటుంది. ఆ తర్వాత ప్రతి నెలా మొదటి కొన్ని రోజుల్లో, ఎక్కువగా 5వ తారీఖు లోపు, లాగిన్ అయ్యి ఏదైనా కొనాలి లేకపోతే “ఈ నెల వద్దు” అని నొక్కాలి. రెండూ చెయ్యకపోతే కార్డులోంచి డబ్బులు కట్ అవుతాయి, బదులుగా అకౌంట్‌లో క్రెడిట్ పడుతుంది. మీరేమంటారంటే డబ్బులు ఎక్కడికీ పోలేదు కదా, క్రెడిట్ ఉంది కదా, ఎప్పుడైనా షూస్ తీసుకోండి అని. అయ్యా, నా కార్డులో ఉంటే అవి డబ్బులు, కరెంటు బిల్లు కట్టొచ్చు. మీ దగ్గర ఉంటే అవి షూస్ మాత్రమే, అది కూడా నా సైజు స్టాక్ ఉంటేనే.

ఏమీ చెయ్యకపోవడం అంటే ఒప్పుకున్నట్టు అని మీరు ఎలా అనుకుంటున్నారు? ఏమీ చెయ్యకపోతే ఏమీ కట్ కాకూడదు, కావాలి అనుకున్న నెల మేమే వచ్చి నొక్కుతాం. అలా చేస్తే వ్యాపారం నడవదు అంటారా, అంటే మేము మర్చిపోయిన నెలల మీదే మీ వ్యాపారం నడుస్తోందని మీరే చెప్పినట్టు. షూడాజిల్ కూడా 2012లో ఆ నెలవారీ చార్జీ తీసేసి చూసింది, తర్వాత మళ్ళీ మెంబర్‌షిప్‌కే వచ్చేసింది. అలా ఎందుకు వచ్చారో ఊహించడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

మీకంటే ముందు చట్టాలకే విషయం అర్థమైంది. అమెరికాలో 2010 నుంచే ఆన్‌లైన్ షాపర్ల చట్టం ఒకటి ఉంది, కార్డు వివరాలు తీసుకునే ముందే షరతులన్నీ స్పష్టంగా చెప్పాలి, మనిషి తెలిసి ఒప్పుకోవాలి, ఆపడానికి సులువైన దారి ఉండాలి అని. జర్మనీలో 2022 జూలై నుంచి వెబ్‌సైటులో చేసే ఇలాంటి ఒప్పందాలకి క్యాన్సిల్ బటన్ కనపడేలా పెట్టడం తప్పనిసరి. ఇండియాలో 2023 నవంబర్‌లో వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ గైడ్‌లైన్స్ 13 రకాల మాయలు పేరు పెట్టి మరీ చెప్పాయి, అందులో సబ్‌స్క్రిప్షన్ ట్రాప్ ఒకటి, మనకి తెలీకుండా బుట్టలో ఏదో కలిపెయ్యడం ఒకటి, “లేదు, నాకు అందంగా ఉండాలని లేదు” లాంటి బటన్ పెట్టి సిగ్గుపడేలా చెయ్యడం ఒకటి. ఈ మూడూ నేను షూస్ సైట్లలోనే చూశా. అమెరికాలో ఒక క్లిక్‌తో చేరితే ఒక క్లిక్‌తో బయటికి రానివ్వాలని 2024 అక్టోబర్‌లో రూల్ తెచ్చారు గానీ, తెచ్చిన పద్ధతి సరిగ్గా లేదని 2025 జూలైలో కోర్టు కొట్టేసింది. కొట్టేసింది రూల్ తెచ్చిన పద్ధతిని, మీరు చేసేది మంచిదని సర్టిఫికెట్ ఇవ్వలేదు. సంబరపడకండి.

క్యాన్సిల్ చెయ్యడం ఎలా ఉంటుందో తెలియాలంటే మీలో ఒకరు మీ సొంత సైటులో మామూలు మెంబర్‌లా చేరి ట్రై చెయ్యండి. నేను ఉన్న క్లబ్బులో (పేరు అనవసరం) చేరడానికి అర్ధరాత్రి కూడా తలుపులు తెరిచే ఉంటాయి, మానెయ్యడానికి మాత్రం ఫోన్ చెయ్యాలి, అది కూడా వాళ్ళ ఆఫీస్ టైములో. లైన్‌లో సంగీతం. తర్వాత ఒక అమ్మాయి చాలా మర్యాదగా, ఎందుకు మానేస్తున్నారు మేడమ్, రెండు నెలలు పాజ్ చేద్దామా మేడమ్, ఇంకో జత సగం రేటుకి ఇస్తాం మేడమ్, అని ఒకదాని తర్వాత ఒకటి. నాకు ఆ అమ్మాయి మీద ఏ కోపం లేదు, తన ముందున్న కాగితం మీద ఏముందో అదే చదువుతోంది పాపం, నేను “వద్దమ్మా” అన్న ప్రతిసారీ తన గొంతు కాస్త తగ్గుతోంది కూడా. ఆ కాగితం రాసిన వాళ్ళతోనే నాకు పని.

రిటర్న్ గురించి రెండు ముక్కలు. వాడని స్థితిలో, సోల్ మీద గీత లేకుండా పంపమంటారు, న్యాయమే, మేము కూడా కార్పెట్ మీదో దుప్పటి మీదో నడిచి చూస్తాం. కానీ సైజు స్టిక్కర్ తీసుకెళ్ళి లోపల సరిగ్గా మడమ పడే చోట అంటిస్తారు, వేసి చూస్తే అది నలుగుతుంది, నలిగితే “వాడినట్టుంది” అని రీఫండ్ ఆపేస్తారు. స్టిక్కర్ కింద సోల్ మీద పెట్టండి. యూరప్‌లో అయితే డబ్బా చేతికొచ్చినప్పటి నుంచి 14 రోజుల్లో కారణం చెప్పకుండా ఆర్డర్ వద్దనుకోవచ్చు, చాలా చోట్ల అలాంటిది లేదు. లేని చోట మీరే దయతలచి ఇవ్వాలని అడగట్లేదు, సైజు చార్ట్ సరిగ్గా లేని వాళ్ళు రిటర్న్ ఖర్చు కూడా మా మీద వెయ్యడం ఏం న్యాయం అని అడుగుతున్నా.

ఇంకో రకం క్లబ్బులు ఉన్నాయి, బ్రాండ్ల మిగులు స్టాక్‌ని కొన్ని రోజులు మాత్రమే మెంబర్లకి తక్కువ రేటుకి పెట్టేవి, ఫ్రాన్స్‌లో 2001లో మొదలై ఇప్పుడు వీపీ అని పిలుస్తున్న వాంత్-ప్రివే లాంటివి. వాటికీ నెలనెలా కార్డు మీద పడే క్లబ్బులకీ తేడా మెంబర్లు గుర్తుపెట్టుకోవాలి, అక్కడ కొంటేనే డబ్బులు పోతాయి. వాటి తలనొప్పి వేరే, టైమర్ తిరుగుతూ ఉంటుంది, ఇంకో ఇద్దరు ఇదే చూస్తున్నారు అంటుంది, కంగారులో సైజు కూడా సరిగ్గా చూడం. చాలాసార్లు సేల్ అయిపోయాకే సరుకు బ్రాండ్ దగ్గర నుంచి తెప్పిస్తారు కాబట్టి వారాలు పడుతుంది, శాండల్స్ ఆర్డర్ పెడితే వానలు మొదలయ్యాక వస్తాయి, సైజు మారుద్దామంటే ఆ సేల్ ఎప్పుడో మూసేశారు. డెలివరీ తేదీని చెక్‌అవుట్ చివరి పేజీలో చిన్న అక్షరాల్లో కాకుండా రేటు పక్కన రాయండి, అంతే.

గిఫ్ట్‌గా వచ్చిన షూస్ వేసుకుని కుర్చీలో కూర్చుని రివ్యూ చెప్పే వీడియోల గురించి ఏం మాట్లాడను. కనీసం లేచి నడవండమ్మా.

కాబట్టి స్టైలిస్ట్ గారూ, వచ్చే నెల మెయిల్‌లో నాకు కొత్త పంప్ చూపించక్కర్లేదు. నా ఎడమ పాదం 243 మిల్లీమీటర్లు, కుడిది 246, వేళ్ళ మొదలు దగ్గర వెడల్పు 98. ఈ కొలతకి మీ దగ్గర వైడ్ ఫిట్‌లో 6 సెంటీమీటర్ల లోపు బ్లాక్ హీల్ నల్లది ఉంటే ఆ లింక్ పంపండి, నేనే వచ్చి నేనే నొక్కి కొనుక్కుంటా. లేకపోతే అకౌంట్‌లో పడి ఉన్న నా క్రెడిట్లన్నీ ఏ కార్డులోంచి తీశారో ఆ కార్డులోకే తిరిగి వెయ్యండి, ఫోన్ చేయించకుండా.

ఇట్లు
మీ వీఐపీ మెంబర్, పాదం సైజు పైన రాశాను